పాత కంప్యూటరును రూటరుగా నమర్చుట

మన పల్నాటి విద్యార్థులకు కాలువ యనగా నేమో చెప్పవలసిన పని లేదు. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కాలువలకు నీరు విడువబడినది మొదలు కుడి కాలువ యీ సీమ పొలములకు పెద్ద యాధారమైనది. ఆ కాలువ నిండుగ పారుచున్నను, ఎగువవారు మితిమీరి వాడుకొన్నచో ఆయకట్టు చివరి రైతు నీటికై యెదురుచూడవలసి వచ్చును. ఒకే యింటర్నెట్టు తీగ గల పాఠశాలలో జరుగునదియు నిదియే. ముందు బల్లయొద్ద నొకడు పెద్ద వీడియో దింపుకొనుచుండగా, వెనుక బల్లయొద్ద కూర్చున్న బాలికకు పాఠపు పుట తెరచుకొనదు. కాలువకు తూమును, తూమునొద్ద లస్కరును నున్నట్లే యీ తీగకును నుండవలెను. ఆ రెండు పనులను జేయు యంత్రమునకే రూటరని పేరు. మూలబడిన సామాన్యమైన కంప్యూటరునే యీ పనికి నియమించు విధమును వివరింప దలచితిమి.

రూటరనగా గోడకు తగిలించెడి చిన్న పెట్టెయే యని పలువురు తలంతురు. ఆ పెట్టెలో నున్నదియు నొక చిన్న కంప్యూటరే. 1969 అక్టోబరు 29న అమెరికాలో ఆర్పానెట్టుపై తొలి సందేశము సాగినపుడు, దానిని మోసినవి హనీవెల్ కంపెనీవారి కంప్యూటర్లు. 1986లో అచటి ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్టున డేవిడ్ మిల్సు వ్రాసిన ప్రోగ్రాముతో పీడీపీ-11 జాతి కంప్యూటర్లు రూటర్లుగ పనిచేసినవి. కావున మనము చేయబోవునది క్రొత్త వింత కాదు.

రూటరు చేయు మొదటి పని దారి చూపుట. 1972 ఆగస్టు 15న మన దేశమున పిన్‌కోడు ప్రవేశపెట్టబడినది. నరసరావుపేట 522601, మాచర్ల 522426. ఢిల్లీలో ఉత్తరములను వేరుచేయువానికి మాచర్ల వీధులు తెలియనక్కరలేదు. మొదటి యంకెలను జూచి యే సంచిలో వేయవలెనో తెలిసికొన్న జాలును. రూటరును నట్లే తనయొద్దకు వచ్చిన ప్రతి సమాచారపు పొట్లము మీది చిరునామాను జూచి, తరువాతి మజిలీకి మాత్రము పంపును.

రెండవ పని వేషము వేయుట. పాతపద్ధతి ఇంటర్నెట్టు చిరునామాలు మొత్తము సుమారు 429 కోట్లు మాత్రమే. లోకములోని జనసంఖ్యకే యవి చాలవు. అందుచే బడిలోని కంప్యూటర్లకు లోపలి చిరునామాల నిచ్చి, పొట్లము వెలుపలికి పోవునపుడు రూటరు దానికి తన చిరునామానే తొడుగును. తిరుగుటపాలో జవాబు వచ్చినపుడు తన పట్టిక జూచి, అడిగినవారికే యందించును. మూడవ పని కావలి. లోపలివారు పిలువకయే వెలుపలినుండి వచ్చు పొట్లములను గడపయొద్దనే యాపును.

ఇక నమర్చు విధము. 64 బిట్ల ప్రాసెసరును, 1 జీబీ ర్యామును గల పాత కంప్యూటరు చాలును. దానికి ఈథర్నెట్టు పోర్టులు రెండుండవలెను. ఒక్కటియే యున్నచో మరియొక కార్డు కొని బిగింపవలెను. ఒక పోర్టు వెలుపలి తీగకు, రెండవది బడిలోని నెట్వర్కు స్విచ్చికి. పిదప లినక్సు జాతిదైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి యను ఉచిత వ్యవస్థను దానిలో నెక్కింపవలెను. ఇట్లు చేసినచో డిస్కుమీది పాత ఫైళ్లన్నియు తుడిచిపోవును గనుక, ముందుగా వానిని వేరుచోట దాచుకొనవలెను. తరువాత లోపలి పోర్టునకు మరియొక కంప్యూటరును తగిలించి బ్రౌజరులో 192.168.1.1 అని కొట్టిన, అమరికల పుట తెరచుకొనును. మొదట రహస్యపదము పెట్టవలెను. ఏలయన వ్యవస్థతో పాటు రహస్యపదము రాదు. కంపెనీవారి పెట్టెయు 192.168.1 వరుసనే వాడుచున్నచో, ఒకే పేరుగల రెండు వీధులవలె తికమక కలుగును. అప్పుడు మన వరుసను 192.168.10గా మార్చుకొనవలెను. చిరునామాలు పంచుట, వేషము, కావలి — ఈ మూడింటిని వ్యవస్థ తనంతట చేయును. వైఫై కావలసినచో నొక యాక్సెసు పాయింటును స్విచ్చికి తగిలింపవలెను.

లస్కరు పని మాత్రము మనమే యప్పగింపవలెను. ఎస్‌క్యూఎం అను భాగమును చేర్చి, 2018లో లినక్సున చేరిన కేక్ అను పద్ధతిని ఎన్నుకొనవలెను. తీగ వేగమును కొలిచి, అందు నూటికి 90 వంతులనే పరిమితిగ వ్రాయవలెను. చేతనున్న వేగమును తగ్గించుకొనుట యేల యని యడుగుదురేమో! నిండుగ వదలినచో పొట్లముల వరుస కంపెనీవారి పెట్టెలో పేరుకొనును. అచట మన మాట చెల్లదు. కొంచెము తగ్గించినచో ఆ వరుస మన యంత్రముననే నిలుచును. నిలిచినచోటనే పంపకము చేయగలము. లోపలి చిరునామాలను జూచి పంచుమని కేక్‌నకు ఆజ్ఞ వ్రాసినచో, తీగ నిండిన వేళ కంప్యూటరు కంప్యూటరునకు సమభాగము దక్కును. 100 మెగాబిట్ల తీగను 20 కంప్యూటర్లు ఒక్కసారి లాగినను, ఒక్కొక్కదానికి 4.5 మెగాబిట్లు వచ్చును. పాఠము చదువుకొనుటకది చాలును. వాడువారు తక్కువైనపుడు మిగిలినది ఉన్నవారికే చెందును.

ఖర్చు కూడ నెంచవలెను. 50 వాట్లు త్రాగు పాత కంప్యూటరును రేయింబవళ్లు నడిపిన ఏటికి 438 యూనిట్లు కాలును; 10 వాట్ల చిన్న పెట్టెకు 88 యూనిట్లే. అయితే పాత కంప్యూటరును బడి దినములు 220 మాత్రమే, దినమునకు 8 గంటలు నడిపినచో దానికిని 88 యూనిట్లే యగును. కావున బడి విడిచిన పిమ్మట దానిని ఆర్పుట మరువరాదు. వ్యవస్థకు వచ్చు క్రొత్త సవరణలను అప్పుడప్పుడు చేర్చుచుండవలెను; లేనిచో కావలి బలహీనపడును.

విద్యార్థులారా! కొన్న పెట్టెలో పంపకపు నియమము లెట్లున్నవో సాధారణముగ మనకు కానరాదు. మనము అమర్చిన యంత్రమున ప్రతి నియమమును చదువవచ్చును, మార్చవచ్చును. పై తరగతులవారు ఉపాధ్యాయుల యెదుట నీ పని చేసి, వ్రాసిన నియమములను కాగితముమీద నెక్కించి, కంప్యూటరు గది గోడకు అంటింపవలెనని మా కోరిక. అప్పుడు వెనుక బల్లయొద్ద కూర్చున్న బాలికయు తన భాగ మెంతయో చదివి తెలిసికొనును. అది అందనినాడు ధైర్యముగ నడుగును.