రాగిసంగటికి ఎంత రాగి కావాలి?

మీ అన్నయ్య తిరుపతిలో చదువుకుంటూ ఓ చిన్న గది అద్దెకు తీసుకున్నాడనుకోండి. చిత్తూరు దగ్గరున్న మీ ఊరి నుంచి రాగిపిండి మూట తీసుకువెళ్ళాడు. 2000 వాట్ల కరెంటు పొయ్యి ఒకటి కొన్నాడు. దాని లావు పిన్నులు గదిలోని లైట్ల బోర్డుకు పట్టలేదు. మధ్యలో ఓ కన్వర్టరు తగిలించి, సంగటికి ఎసరు పెట్టాడు. అన్నం మెత్తబడి, పైన పిండి వేశాడో లేదో, టక్కుమని గదంతా చీకటి! మీటరు పక్కనున్న 6 ఆంపియర్ల బ్రేకరు పడిపోయింది.

"దాన్ని తీసేసి 32 ఆంపియర్లది పెట్టు, ఇక పడదు" అన్నాడు స్నేహితుడు. పెట్టవచ్చునా? లెక్క వేసి చూద్దాం.

మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2000ను 230తో భాగిస్తే సుమారు 8.7 ఆంపియర్లు. 6 ఆంపియర్ల బ్రేకరు పడిపోవడంలో వింతేముంది?

ఇప్పుడు మరో సందేహం. పొయ్యి చుట్టలోనూ, గోడలోని తీగలోనూ ప్రవహించేది అదే 8.7 ఆంపియర్లు కదా! చుట్ట ఎర్రగా కాలుతుంటే తీగ ఎందుకు కాలదు? దీనికి జవాబు 1841లో ఇంగ్లండు శాస్త్రవేత్త జేమ్స్ జౌల్ ప్రకటించిన సూత్రంలో ఉంది. ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే సెకనుకు పుట్టే ఉష్ణం తెలుస్తుంది. చుట్ట నికెల్, క్రోమియంల మిశ్రమలోహమైన నిక్రోమ్‌తో చేసినది. దాని నిరోధం సుమారు 26 ఓములు. గోడలో తీగ రాగిది. 2.5 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత వైశాల్యం గల రాగి తీగ పోవడానికి 10 మీటర్లు, రావడానికి 10 మీటర్లు ఉన్నా, దాని నిరోధం సుమారు 0.15 ఓములే. అందులో పుట్టే ఉష్ణం 11 వాట్లు. అది 20 మీటర్ల పొడవునా పంచుకుపోతుంది. అదే 1 చదరపు మిల్లీమీటరు తీగ అయితే 27 వాట్లు పుడుతుంది. తీగ సన్నబడితే నిరోధం పెరుగుతుందన్నమాట.

తీగపై ఉన్న పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకే క్షేమం. తిరుపతి వేసవిలో గాలి ఉష్ణోగ్రతే 40 డిగ్రీలు దాటుతుంది. ఇక మిగిలేది 30 డిగ్రీల కంటె తక్కువ! పైగా సంగటి రెండు నిమిషాల్లో ఉడికేది కాదు, పొయ్యి చాలాసేపు వెలగాలి.

గోడలోని గొట్టంలో వెళ్ళే 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ సుమారు 11 ఆంపియర్లు మోయగలదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ సుమారు 18 మోయగలదు. ఇప్పుడు స్నేహితుడి సలహా పరీక్షించండి. గదిలో లైట్ల తీగ 1 చదరపు మిల్లీమీటరుది. పొయ్యితోపాటు 1500 వాట్ల కెటిల్ కూడా పెడితే మొత్తం 15.2 ఆంపియర్లు. తీగలో ఉష్ణం దాని హద్దుకు దాదాపు రెట్టింపు అవుతుంది. 32 ఆంపియర్ల బ్రేకరుకు మాత్రం ఇది లెక్కలోకే రాదు. తొడుగు మెత్తబడి, మాడి, గోడలోనే మంట పుట్టవచ్చు. కాపలావాడు నిద్రపోతుండగా ఇల్లు కాలినట్లే!

బ్రేకరు పొయ్యిని కాపాడేది కాదు, తీగను కాపాడేది. దాని లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది. ప్రవాహం మితిమీరితే ఆ పట్టీ వేడెక్కి మెల్లగా వంగి, మీటను పడగొడుతుంది. అందుకే అన్నయ్య సంగటి సగం ఉడికాక కరెంటు పోయింది. తీగలు కలిసిపోయి ఒక్కసారిగా ప్రవాహం ఎగసిపడితే, ఇంకో భాగమైన విద్యుదయస్కాంతం రెప్పపాటులో ఆ పని చేస్తుంది.

కాబట్టి వరుస ఇది: ముందు పొయ్యి, తరువాత తీగ, చివర బ్రేకరు. బ్రేకరు విలువ పొయ్యి ప్రవాహం కంటె ఎక్కువగానూ, తీగ మోయగల దానికంటె తక్కువగానూ ఉండాలి. అన్నయ్య పొయ్యికి 8.7, బ్రేకరుకు 16, తీగకు 18. బ్రేకరు నుంచి పొయ్యి దాకా వేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్త్ తీగ తప్పనిసరి. ఆ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చెయ్యాలి.

మీరు చెయ్యగలిగిన పని కూడా ఉంది. మీ ఇంట్లో పొయ్యి, ఇస్త్రీపెట్టె, గీజరులపై రాసిన వాట్లు చదివి ఆంపియర్లు లెక్క కట్టండి. బ్రేకరుపై ఉన్న అంకెతో పోల్చండి. కళ్ళతో చూడండి చాలు, మూతలు విప్పవద్దు. బ్రేకరు పడిపోతే విసుక్కోకండి. అది మీ ఇంటికి చెబుతున్న హెచ్చరిక.