గ్రేహౌండ్‌కి ఏ రంగు వేయాలి?

ఉక్కు పలకను తడిపి, వాటర్ పేపర్‌తో నెమ్మదిగా గుండ్రంగా రుద్దుతారు. తొందరపడితే పని చెడుతుంది. పైనున్న బూడిదరంగు పోయాక ఒక ఆకుపచ్చ, దాని కింద ఇంకోరకం ఆకుపచ్చ. అలా రుద్దగా రుద్దగా అరచెయ్యంత జాగాలో ఒక అంకె వంపు తేలుతుంది. 6. పక్కనే సున్నా. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఆర్మర్డ్ కార్లకు ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్లు 60తో మొదలయ్యేవి. రుద్దే చెయ్యి అక్కడ ఆగిపోతుంది. ఫొటో తీశాకే మిగతా అంకెల కోసం మళ్ళీ కాగితం పడతారు.

ఆ బండి పేరు ఎం8. తయారుచేసింది ఫోర్డ్ కంపెనీ, ప్రధానంగా మిన్నెసోటా రాష్ట్రంలో మిసిసిపీ ఒడ్డునున్న సెయింట్ పాల్ ఫ్యాక్టరీలో. 1943 మార్చిలో మొదలుపెట్టి యుద్ధం ముగిసేలోపు దీన్నీ, టరెట్ లేని దీని తోబుట్టువు ఎం20నీ కలిపి 12,000 పైచిలుకు తయారుచేశారు. 'గ్రేహౌండ్' అన్నది బ్రిటిష్‌వాళ్ళు తగిలించిన పేరు. తెలుగువాళ్ళకి ఆ మాట వినగానే 1989లో ఏర్పడ్డ పోలీసు దళం గుర్తొస్తుంది. పేరు తప్ప ఈ రెంటికీ చుట్టరికం లేదు.

నిజానికి దీన్ని తలపెట్టింది ట్యాంకుల్ని వేటాడటానికి. 37 మిల్లీమీటర్ల ఫిరంగి అందుకు చాలుతుందని 1941లో అనుకున్నారు. నమూనా సిద్ధమయ్యేసరికి జర్మన్ ట్యాంకుల ముందు కవచం ఆ గుండుకి లొంగే స్థితిలో లేదు. దాంతో బండికి ఉద్యోగం మార్చారు. సేనకంటే ముందు వెళ్ళడం, శత్రువు ఎక్కడున్నాడో చూడడం, వైర్‌లెస్‌లో చెప్పడం, బతికుంటే తిరిగిరావడం. దాదాపు 8 టన్నుల బరువు, ఆరు చక్రాలకూ ఇంజన్ బలం, మంచి రోడ్డు మీద గంటకు 90 కిలోమీటర్ల వేగం. మనుషులు నలుగురు. పైకప్పు లేని టరెట్‌లో ఇద్దరికే చోటు కాబట్టి హుకుం జారీ చేసే కమాండరే ఫిరంగిలో గుండ్లు కూడా నింపాలి. రోడ్డు దిగితే మాత్రం దీని బడాయి సాగేది కాదు. సన్నటి టైర్లు బురదలో కూరుకుపోయేవి.

1944 డిసెంబరులో బెల్జియంలోని సెయింట్ వీత్ దగ్గర ఒక ఎం8 జర్మన్ టైగర్ ట్యాంకు వెనక్కి చేరి, పాతిక గజాల దూరం నుంచి మూడు గుండ్లు పేల్చి దాన్ని తగలబెట్టిందని అమెరికన్ కథనం. ఈ బండి ప్రేమికులెవరైనా ముందు చెప్పే కథ ఇదే. అలాంటి సాహసం తలపెట్టి తిరిగిరాని బండ్ల ఊసు పెద్దగా వినబడదు.

ఇంతకంటే తరచుగా జరిగింది వేరే. బండి నేల రేకు మందం 3 నుంచి 6 మిల్లీమీటర్లే. కింద మందుపాతర పేలితే ఆ రేకు ఆపేది దాదాపు ఏమీ లేదు. సిపాయిలు ఇసుక బస్తాలు తెచ్చి కాళ్ళ కింద పరుచుకున్నారు. బ్రిటిష్ సైన్యం ఈ నేల చూసే బండిని పెద్దగా తీసుకోలేదు.

పునరుద్ధరణకు దిగినవాళ్ళకు ముందు తలనొప్పి తెచ్చేదీ ఆ నేలే. టరెట్‌కి కప్పు లేదు కాబట్టి ఏళ్ళ తరబడి ఆరుబయట నిలిచిన బండిలో పడిన వాన లోపలే ఉండిపోతుంది. పక్కల మందపాటి కవచం పైపైన తుప్పు పట్టి ఊరుకుంటుంది. నేలా, చక్రాల మీది పల్చటి రేకులూ జల్లెడలవుతాయి. వాటిని కోసేసి కొత్త పలకలు అతకాలి.

ఇంజన్ సంగతి వింటే విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలు నవ్వుకుంటారేమో. అది హెర్క్యులస్ జేఎక్స్‌డీ, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, సుమారు 5.2 లీటర్లు, 110 గుర్రాల బలం. వాల్వులు సిలిండర్ల పక్కనే నిలబడి ఉండే పాతకాలపు అమరిక. స్టూడ్‌బేకర్ ట్రక్కుల్లో వాడిందీ ఇదే. ఆ ట్రక్కులు లక్షల్లో తయారై చాలావరకు సోవియట్ యూనియన్‌కి వెళ్ళాయి. అందుకే ఈ ఇంజన్ భాగాలు దొరకని సరుకేమీ కాదు.

పట్టేసిన ఇంజన్‌ని కదిలించడం మాత్రం ఓపిక పని. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లోకి పల్చటి నూనె పోస్తారు. రోజులు గడుస్తాయి. రోజూ వచ్చి ఫ్లైవీల్‌ని బారుతో అటొకసారి, ఇటొకసారి ఒత్తి చూస్తారు. బలం ఉంది కదాని గుంజితే పిస్టన్ రింగులు విరుగుతాయి. ఒకరోజు బారు చివర వెంట్రుకవాసి కదలిక తగులుతుంది. అది చాలు, మళ్ళీ నూనె పోసి ఇంటికి పోవచ్చు.

చక్రాల దగ్గర ఓపికొక్కటే చాలదు, భయం కూడా ఉండాలి. గాలి పోయినా టైరు ఊడకుండా నడవాలని వీటికి రెండు ముక్కల రిమ్ములు పెట్టి చుట్టూ బోల్టులు బిగించారు. లోపలి గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులు వదులు చేస్తే రిమ్ము ఫిరంగి గుండులా ఎగురుతుంది. రెండు ముక్కల రిమ్ములు ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. బ్రేకు లైనింగులదీ ఇలాంటి కథే. ఆ కాలపు వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదేయకూడదు.

ఏ భాగం ఎక్కడ బిగించాలో అనుమానం వస్తే యుద్ధకాలంలో అమెరికా సైన్యమే అచ్చేసిన టీఎం 9-743 మాన్యువల్ ఉంది. స్కూలు దాటి నేరుగా సైన్యంలోకి వచ్చిన కుర్రాడికి కూడా అర్థం కావాలని రాసిన పుస్తకం అది. బొమ్మలతో సహా వివరంగా ఉంటుంది. నేటి కార్ల మాన్యువళ్ళు దాని దగ్గర పాఠాలు నేర్చుకోవచ్చు. దొరకని భాగాల వేటలో మిలిటరీ వెహికల్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ లాంటి సంఘాల సభ్యులు ఒకరికొకరు తోడవుతారు. మిస్సోరీలోని ఇండిపెండెన్స్ కేంద్రంగా నడిచే ఆ సంఘం పుట్టింది 1976లో.

ఇక ఫిరంగి. అమెరికాలో పేలగలిగే 37 మిల్లీమీటర్ల తుపాకి చట్టం దృష్టిలో విధ్వంసక ఆయుధం. సొంతదారు దాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. అందుకే చాలా బండ్ల మీద కనబడేది శాశ్వతంగా పేలకుండా చేసినదో, లేత్ మీద తయారైన నకలో. చూసేవాళ్ళకు తేడా తెలియదు.

మెకానిక్ పనులన్నీ అయ్యాక అసలు పేచీ మొదలవుతుంది. ఏ రంగు వేయాలి? యుద్ధం తర్వాత ఈ బండ్లు ఊళ్ళు పట్టుకు తిరిగాయి. ఓడిన జర్మనీలో అమెరికన్ గస్తీ కాశాయి. ఫ్రెంచి సైన్యంతో ఇండోచైనాకీ అల్జీరియాకీ వెళ్ళాయి. బ్రెజిల్ సిపాయిలైతే వీటిని అంతకుముందే, 1944-45లో ఇటలీ యుద్ధంలో నడిపారు. తర్వాత ఈ పాత ఎం8లను మెరుగుపరిచే ప్రయత్నంలోంచే అక్కడ కాస్కవెల్ అనే కొత్త ఆర్మర్డ్ కారు రూపుదిద్దుకుంది. కొలంబియా వీటిని దశాబ్దాలపాటు వాడుకుంది. అంటే ఒక్కో బండి ఒంటిమీదున్న పెయింటు పొరల్లో ఒక్కో దేశం ఉంటుంది.

అయినా సొంతదారుల్లో ఎక్కువమందికి కావలసింది ఆలివ్ ఆకుపచ్చ, తెల్ల నక్షత్రం, 1944, నార్మండీ. తమ బండి ఆ పోరులో ఉన్నదో లేదో తెలియకపోయినా పేరుమోసిన దళం గుర్తులు బంపర్ మీద రాయించుకుంటారు. అది సరదా, తప్పు కాదు. కానీ అల్జీరియాలో ఏళ్ళ తరబడి తిరిగిన బండికి సెయింట్ వీత్ గుర్తులు వేసి, ఉన్న చరిత్రను ఇసుక ధారతో చెక్కేయడం మాత్రం పునరుద్ధరణ అనిపించుకోదు. తెలివైనవాళ్ళు పెయింటు పొరలన్నీ కనబడే జానెడు చదరాన్ని ఏ తలుపు వెనకో ముట్టుకోకుండా వదిలేస్తారు.

నేల మాత్రం ఏ సైన్యం రంగు వేసినా ఒకటే. ప్రదర్శనకు తీసుకెళ్ళేటప్పుడు అచ్చం ఆనాటిలా ఉండాలని ఇసుక బస్తాలు పరిస్తే బాగానే ఉంటుంది. ఇంటికి రాగానే వాటిని తీసి ఎండలో వేయాలి. తడి ఇసుక ఒక్క చలికాలం అలాగే ఉండిపోతే, కొత్తగా అతికించిన రేకు మళ్ళీ తుప్పు పట్టడం మొదలుపెడుతుంది.