యా, ద, గి, రి, గు, ట్ట

"మా పాపకు అయిదేళ్లు నిండినయ్ తాతా, ఇంకా చదవడం వస్తలేదు. ఇంట్ల మేమేం చెయ్యాలె?" అని అడిగే అమ్మానాన్నలు ఈమధ్య ఎక్కువయ్యారు. అక్షరాల పుస్తకం ఇంకొకటి కొనమని నేను చెప్పను. పిల్లను వెంటబెట్టుకుని మన గుట్ట బస్టాండుకు పొమ్మంటాను. బస్సుల నుదుటి మీద, లాడ్జీల గోడల మీద, పూజ సామాన్ల దుకాణాల మీద ఒకటే పేరు ఎన్నిచోట్ల రాసి ఉంటుందో! యాదగిరిగుట్ట. ఆరంటే ఆరు అక్షరాలు. తెలుగు రాత నడిచే తీరు దాదాపు అంతా ఆ ఆరింటిలోనే ఉంది. యా దగ్గర దీర్ఘం, ద మీద తలకట్టు, గి మీద, రి మీద గుడి, గు కు కొమ్ము, చివరన ట కింద వత్తు. పైగా ఆ పేరు పిల్లకు పుట్టినప్పటి నుంచీ చెవిలో ఉన్నదే.

అయితే పిల్ల బస్సును చూసి "గుట్ట బస్సొచ్చింది" అన్నదంటే బోర్డు చదివిందని అనుకోకండి. బస్సు రంగు, అది ఆగే చోటు, ఎక్కే జనం, వీటన్నిటినీ చూసి చెప్పి ఉండొచ్చు. 1984లో అమెరికాలో లినియా ఎరి అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు కలిసి బడికి రాని చిన్నపిల్లల మీద ఈ సంగతే పరీక్షించారు. పెప్సీ గుర్తును చూడగానే పేరు చెప్పే పిల్లలకు, మొదటి అక్షరం తీసేసి దాని బదులు 'ఎక్స్' పెట్టి చూపించారు. చాలామంది అప్పుడూ పెప్సీ అనే అన్నారు. వాళ్లు చూసింది బొమ్మను, అక్షరాలను కాదు. కాబట్టి బస్టాండులో చూసిన పేరును ఇంటికొచ్చి పలక మీద మామూలుగా రాయండి. గుట్ట అని రాసి, దాని పక్కన గట్టు అని రాయండి. కొమ్ము ఒక అక్షరం నుంచి పక్కదానికి జరిగింది, అంతే. ఆ పక్కన గుడ్డ, గుడి. ఈ నాలుగింటినీ వేరుచేసి చెప్పగలిగిన రోజున పిల్ల చదువుతున్నట్టు లెక్క.

దానికి ముందు చెవికి కొంత పని ఉంది. పలక ముట్టకముందే, పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని పేర్లకు చప్పట్లు కొట్టించండి. ఆ-లే-రు, మూడు చప్పట్లు. రా-య-గి-రి, నాలుగు. మాటలో ముక్కలుంటాయని, వాటిని విడదీయొచ్చని, మళ్లీ కలపొచ్చని చెవికి తెలిస్తేనే ఆ ముక్కకు ఒక గుర్తు ఉంటుందన్న సంగతి బుర్రకెక్కుతుంది. ఇందులో తెలుగు పిల్లలకు కొంత సుఖముంది. ఇంగ్లీషు అక్షరం చాలాసార్లు ఒక్క ధ్వనికే గుర్తు. "కాట్" అనే మాటను మూడుగా చీల్చడం అయిదేళ్ల పిల్లకు కష్టం. మన అక్షరమేమో నోట్లో పలికే ముక్కకు దగ్గరగా ఉంటుంది. గి అనేది పిల్ల నోటికి ఒకటే తునక, కాగితం మీదా ఒకటే గుర్తు.

ఈ సుఖం వత్తు దాకానే. గుట్ట అనమని చప్పట్లు కొట్టించి చూడండి. పిల్ల గుట్-ట అని కొడుతుంది. నోరు అట్లాగే విరుస్తుంది మరి. రాతలోనేమో గు-ట్ట. అమ్-మ అని పలుకుతాం, అ-మ్మ అని రాస్తాం. పుస్-తకం అంటాం, పు-స్తకం రాస్తాం. నోరు ఒకచోట తెంపితే కలం ఇంకోచోట తెంపుతుంది. వత్తుల దగ్గర పిల్లలు నెలల తరబడి తడబడటానికి నాకు కనబడే పెద్ద కారణం ఇదే. పిల్ల "పుసతకం" అని రాసిందంటే అది బద్ధకం కాదు. తాను విన్న స్ అనే పొల్లును ఎక్కడ పెట్టాలో తెలియక పక్కన పెట్టింది. తప్పని కొట్టేయకుండా ఆ మాటను నెమ్మదిగా పలికిస్తూ, ఆగిన చోటును వేలితో చూపిస్తూ కింద త వత్తు రాసి చూపండి.

మన లిపికి అక్కచెల్లెలైన కన్నడ లిపి మీద సొనాలి నాగ్ అనే పరిశోధకురాలు బెంగళూరు నుంచి పనిచేశారు. 2007లో అచ్చయిన ఆమె పరిశీలన ప్రకారం, మామూలు అక్షరాలు పిల్లలకు ముందే పట్టుబడతాయి, ఒత్తక్షరాల మీద పట్టు రావడానికి పై తరగతుల దాకా పడుతుంది. ఆశ్చర్యమేముంది? ఒక్క క గుణింతంలోనే పదహారు రూపాలు. అట్లాంటి హల్లులు ముప్ఫై దాటి ఉన్నాయి. లెక్కేస్తే గుణింతాలే అయిదు వందలు దాటుతాయి, వత్తులు కలపకముందే. ఇంగ్లీషుకు చిన్నవీ పెద్దవీ కలిపినా 52. ఇన్నింటిని యూకేజీ ముగిసేలోగా అప్పజెప్పాలని పిల్లల మీద పడటం అన్యాయం. గుణింతాలన్నీ గొంతెత్తి వల్లించే పిల్ల, అదే వరుసలోంచి ఒక్క మే తీసి చూపిస్తే నోరు తెరవకపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. వల్లెవేయడం నోటికి వచ్చింది, కంటికి రాలేదు.

అందుకే మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లనే వరుసగా పెట్టుకోమంటాను. మొదట వత్తు లేనివి: ఆలేరు, రాయగిరి, కొలనుపాక, భువనగిరి. రాయగిరి, భువనగిరి, యాదగిరి మూడింటినీ ఒకదాని కింద ఒకటి రాస్తే చివరి రెండక్షరాలు ఒకటేనని పిల్లే కనిపెడుతుంది. కనిపెట్టనివ్వండి, మీరు ముందే చెప్పకండి. తరువాత వత్తు. సాధారణంగా అమ్మ అనే మాటతో మొదలుపెడతారు. అందులో మ కింద ఉండే వత్తు మ లాగా ఉండదు. త, న, మ, య, ర, ల వత్తులన్నీ అంతే, అసలు అక్షరంతో పోలిక తక్కువ. గుట్టలో ట కింద ఉన్నది చిన్న ట. చూడగానే తెలుస్తుంది. ఒకటే అక్షరం రెండుసార్లు అన్న సంగతి కంటికి కనబడుతుంది. కాబట్టి ముందు గుట్ట, ఆ తరువాత పోచంపల్లి. వేరే అక్షరం వత్తుగా వచ్చే తుర్కపల్లి, మోత్కూరు లాంటివి చిట్టచివర. వాటిని "తురకపల్లి", "మోతుకూరు" అని చదివే దశ ప్రతి పిల్లకూ ఉంటుంది, అది దాటిపోతుంది.

ఇక రాత సంగతి. బాసర పోయి అక్షరాభ్యాసం చేయించినా, ఇంట్లోనే పళ్లెంలో బియ్యం పోసి చేయించినా, పిల్ల వేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తాం. మంచి ఆరంభమే. కానీ ఆ దిద్దడం దగ్గరే ఏళ్లు గడిపేస్తున్నాం. 2012లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కారిన్ జేమ్స్ అనే శాస్త్రవేత్త ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లలను కొద్దిమందిని తీసుకుని, కొన్ని అక్షరాలను గీతల మీద దిద్దించారు, కొన్నింటిని కీబోర్డు మీద కొట్టించారు, కొన్నింటిని చూసి సొంతంగా రాయించారు. తరువాత వాళ్ల మెదడును స్కాన్ చేసి చూస్తే, చదువుకు పనికొచ్చే భాగాలు బాగా స్పందించింది సొంతంగా రాసిన అక్షరాలకే. సొంతంగా రాసినప్పుడు ప్రతిసారీ అక్షరం ఒక్కో రకంగా, వంకరగా వస్తుంది. ఎన్ని వంకరలు పోయినా ఇది గి యే అని మెదడు నేర్చుకోవడానికి ఆ వంకరే సాయమని ఆమె అభిప్రాయం. బలపం చేతికిచ్చి, చుక్కలు పెట్టకుండా, ఒకసారి చూపించి వదిలేయండి. అక్షరం గుమ్మడికాయంత వచ్చినా సరే.

కొందరు పిల్లలు 3 ను, ఇంగ్లీషు బి ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తారు. తల్లులు భయపడిపోతారు. దీనికి కారణం చాలా పాతది. మనుషులు రాయడం మొదలుపెట్టి అయిదువేల ఏళ్ల పైచిలుకే అయింది. మెదడులో చదవడానికంటూ పుట్టుకతో కేటాయించిన చోటు ఉండటానికి ఆ కాలం చాలదు. వడ్లు పోసుకునే కొట్టును సర్ది పిల్లల చదువు గదిగా మార్చుకున్నట్టు, ముఖాలను, వస్తువులను గుర్తుపట్టే భాగంలోనే మెదడు అక్షరాలకు చోటు చేస్తుంది. అది ఎడమవైపు, మెదడు అడుగున, వెనకపక్కకు ఉంటుంది. ఫ్రాన్సుకు చెందిన స్టానిస్లాస్ డెహేన్ బృందం 2010లో బ్రెజిల్, పోర్చుగల్ దేశాల పెద్దవాళ్లను పరీక్షించి, చదువు వచ్చినవాళ్లలో ఈ భాగం అక్షరాలకు గట్టిగా స్పందిస్తుందని చూపించింది. పెద్దయ్యాక రాత్రిబడిలాంటి చోట నేర్చుకున్నవాళ్లలో కూడా! మరి వస్తువులను గుర్తుపట్టే ఆ భాగానికి కుడిఎడమల పట్టింపు లేదు. చెంబు ముక్కు ఎటు తిరిగినా చెంబే. అక్షరం మాత్రం తిరిగితే చెడుతుంది. ఆ పాత అలవాటు వదలడానికి పిల్లలకు కొన్నేళ్లు పడుతుంది. ఆరేడేళ్ల లోపు కంగారు అక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పింది సగమే. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిన్న లెక్క చెప్పారు. చదువు అంటే అక్షరాలను మాటగా మార్చడం ఇంటూ ఆ మాట అర్థం కావడం. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నా. అక్షరాలన్నీ వచ్చి అర్థం తెలియని పిల్ల, మాటలన్నీ వచ్చి అక్షరం తెలియని పిల్ల, ఇద్దరూ ఒకేచోట ఆగిపోతారు. ఈ రెండో సగానికి చదువురాని అమ్మమ్మ, నానమ్మ కూడా పనికొస్తారు. నా లెక్కలో వాళ్లే ఎక్కువ పనికొస్తారు.

1988లో న్యూయార్క్ దగ్గర గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే ఆయన రెండు మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఒక్కటే పని నేర్పించారు: పుస్తకం చదివి వినిపించేటప్పుడు ఆగి ప్రశ్న అడగండి, పిల్ల చెప్పినదానికి ఇంకో మాట జోడించండి. నెల రోజుల్లోనే ఆ పిల్లల మాటతీరు, మామూలుగా కథ విన్న పిల్లలకంటే నెలలకొద్దీ ముందుకు పోయింది. ఇంతకన్నా చవకైన మందు నాకు తెలియదు.

నరసింహస్వామి దర్శనానికి మన గుట్టకు వచ్చే ప్రతి పిల్లకూ ప్రహ్లాదుడి కథ తెలుసు. తనూ బడికి పోయిన పిల్లవాడే, చండామార్కులనే గురువుల దగ్గరికి. ఆ కథను ఇట్లా చెప్పి చూడండి.

"హిరణ్యకశిపుడు గద తీసుకుని స్తంభం దగ్గరికి పోయిండు. ఇప్పుడేమైతది బిడ్డా?"

"కొడ్తడు."

"అవును, స్తంభాన్ని గట్టిగ కొడ్తడు. ఎందుకంత కోపమొచ్చింది?"

"కొడుకు మాట ఇంటలేడని."

"ఏ మాట ఇంటలేడు?"

ఇక్కడ పిల్ల ఆగి ఆలోచిస్తుంది. ఆ ఆలోచనకు టైమివ్వండి, జవాబు మీరు అందించకండి. "ఇదేంటి, అదేంటి" అని బొమ్మల మీద వేలు పెట్టి పేర్లు అడిగే పరీక్ష వద్దు. ఎందుకు, ఎట్లా, ఆ తరువాత ఏమైతది, నువ్వైతే ఏం చేస్తుంటివి, ఇవి అడగండి. పుస్తకంలో గోంగూర అని ఉంటే, ఇంట్లో మనం పుంటికూర అంటామని చెప్పండి. సొరకాయ అంటే మన ఆనపకాయే. ఇంటి మాట తప్పని పిల్లకు అనిపించకూడదు. ఆ మాట మీదే పుస్తకం మాట నిలబడాలి.

పుస్తకాలకు డబ్బు లేదనే మాట మన పాత నల్లగొండ జిల్లాలో చెల్లదని నా గట్టి నమ్మకం. నిజాం కాలంలో బడి చదువు ఉర్దూలో సాగుతుంటే, షబ్నవీసు వెంకటరామనరసింహారావు 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. నకిరేకల్ దగ్గరి పల్లెలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ఇవాళ సర్కారు గ్రంథాలయాలు ఉన్నాయి. సికింద్రాబాదులోని మంచి పుస్తకం వాళ్ల బొమ్మల కథలు ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో ఫోనులోనే తెలుగు కథలు ఉచితం. ఫోను పిల్ల చేతికి కాకుండా మీ చేతిలోనే పెట్టుకుని చదవండి.

"మాది ఇంగ్లీషు మీడియం తాతా, తెలుగెందుకు?" అంటారు. 2003లో ఫిలిప్ సేమూర్ బృందం ఇంగ్లీషుతో కలిపి 13 ఐరోపా భాషల్లో పిల్లలు చదవడం నేర్చుకునే వేగాన్ని పోల్చింది. రాసినట్టే పలికే భాషల పిల్లలు బడికొచ్చిన ఏడాదిలోనే బాగా చదివేస్తుంటే, ఇంగ్లీషు పిల్లలకు రెండింతలకు మించి కాలం పట్టింది. రాసినట్టు పలకని భాష కదా. తెలుగులో అక్షరాలు ఎక్కువే, కానీ గి ఎక్కడున్నా గి యే. చదవడమంటే ఏమిటో పిల్లకు మొదట నమ్మకంగా తెలియాల్సింది ఇక్కడే. ఇంట్లో మాట్లాడే భాష కాబట్టి, పైన చెప్పిన గుణకారంలో రెండో సంఖ్య కూడా ముందే సిద్ధంగా ఉంటుంది.

ఒకటి రెండేళ్లు ఓపికగా చేసినా, రెండో తరగతికి వచ్చినా పిల్ల రెండక్షరాల మాట కూడబలుక్కోలేకపోతుంటే, కొట్టకండి, ట్యూషన్లు మార్చకండి. ముందు కన్ను, చెవి చూపించండి. జలుబు ముదిరి చెవి లోపల నీరు చేరిన పిల్లకు ఒకదానికొకటి దగ్గరగా ఉండే ధ్వనులు సరిగ్గా వినబడవు. చీము కారదు, నొప్పీ ఉండకపోవచ్చు, అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు. వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. వాళ్లు ఎప్పుడొస్తారో అంగన్‌వాడీ టీచరమ్మను అడిగి, ఆ రోజు పిల్లను బడి మాన్పించకుండా పంపండి. మీకున్న అనుమానాన్ని టీచరమ్మకు ముందే చెప్పి ఉంచండి.