బత్తాయి: ఆమ్లం తక్కువ, చక్కెర తక్కువ కాదు

శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే దారిలో రసం బండి దగ్గర ఆగామనుకుందాం. తెలుగువారు 'బత్తాయి' అని అడుగుతారు, పక్కనున్నవారు 'మోసంబి' అంటారు. ఇంగ్లీషు పట్టికలో అదే రసం తరచు 'స్వీట్ లైమ్'గా కనిపిస్తుంది. "పులుపు లేదు కదా, షుగర్ ఉన్నవాళ్లు తాగొచ్చు" అనే మాట కూడా మీరు వినే ఉంటారు. ఈ మాట ఎంతవరకు నిజమో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. పేరులోని తికమక

స్వీట్ లైమ్ అంటే నిజానికి తీపి నిమ్మ. దాని శాస్త్రీయ నామం సిట్రస్ లిమెట్టా. నల్లగొండ, అనంతపురం వంటి జిల్లాల తోటల్లో విస్తారంగా పండే బత్తాయి ప్రధానంగా సాత్‌గుడి రకం. అది తీపి నారింజ జాతికి, అంటే సిట్రస్ సైనెన్సిస్‌కు చెందుతుంది. మోసంబి కూడా ఈ జాతిలో మరో రకమే. కాబట్టి పట్టికలో ఉన్న పేరు ఒకటి, గ్లాసులో ఉన్న పండు మరొకటి.

2. నాలుక దేన్ని కొలుస్తుంది?

నిమ్మజాతి పండ్లలో పులుపుకు ముఖ్య కారణం సిట్రిక్ ఆమ్లం. నిమ్మరసంలో ఇది సుమారు 5 నుంచి 6 శాతం ఉంటుంది. పండిన బత్తాయిలో సాధారణంగా 1 శాతం కంటే తక్కువ. అసలైన తీపి నిమ్మలో ఇంకా చాలా తక్కువ. మనకు తోచే తీపి చక్కెర ఒక్కదానిపైనే ఆధారపడదు. చక్కెరకూ ఆమ్లానికీ ఉన్న నిష్పత్తి కూడా రుచిని ప్రభావితం చేస్తుంది. రెండు పండ్లలో చక్కెర సమానంగా ఉన్నా, ఆమ్లం తగ్గిన పండే ఎక్కువ తియ్యగా తోస్తుంది.

ఈ ఆమ్లం రసపు కణాలలోని రిక్తికల్లో నిల్వ ఉంటుంది. రిక్తిక పొరలోని కొన్ని ప్రోటీన్లు పంపుల్లా పనిచేసి, హైడ్రోజన్ అయాన్లను రిక్తిక లోపలికి నెడతాయి. తీపి రకాలలో ఈ పంపులను తయారుచేసే జన్యువులు మందగించాయని 2019లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

3. గ్లాసులో ఎంత చక్కెర?

తీపి నారింజ రసంలో 100 మిల్లీలీటర్లకు సుమారు 8 గ్రాముల చక్కెర ఉంటుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు అది 16 గ్రాములు. అంటే పంచదార ఏమీ కలపకుండానే దాదాపు 4 చెంచాలు! పైగా వడకట్టినప్పుడు పీచు చాలావరకు పోతుంది. అందువల్ల మధుమేహం ఉన్నవారికి రసం కంటే తొనలుగా, మితంగా తినడం మేలు. ఎంత తినవచ్చో వారి వైద్యుడే చెప్పాలి.

మరొక జాగ్రత్త కూడా ఉంది. గాఢమైన ఆమ్లం సూక్ష్మజీవులను అణచి ఉంచుతుంది. ఆమ్లం తగ్గినకొద్దీ ఆ రక్షణ కూడా తగ్గుతుంది. కాబట్టి పిండి చాలాసేపు బయట ఉంచిన బత్తాయి రసాన్ని తాగకపోవడమే మంచిది. ఎదురుగా పిండించుకుని వెంటనే తాగాలి.

గుర్తుంచుకోండి: పులుపు లేకపోవడం ఆమ్లం గురించి చెబుతుంది, చక్కెర గురించి ఏమీ చెప్పదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

"పంచదార వేయలేదు" అన్న బోర్డు చూసి, మధుమేహం ఉన్న మీ బంధువు రెండు గ్లాసుల బత్తాయి రసం అడిగారు. పై లెక్క ఆధారంగా మీరేమి చెబుతారో నాలుగు వాక్యాల్లో రాయండి.