అంటుకోని బతుకు: బార్డోలీ రైతుల అనాసక్తి

తెలుగులో ఆసక్తి అంటే ఇష్టం, శ్రద్ధ. అందుకే అనాసక్తి అనగానే దేనిమీదా మనసు లేకపోవడమే అనిపిస్తుంది. భగవద్గీతలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ ఆసక్తి అంటే తగులుకోవడం, అంటుకుపోవడం. వస్తువును వాడుకుంటూనే దానికి అంటుకుపోకుండా ఉండడం అనాసక్తి. తామరాకు నీళ్లలోనే ఉన్నా తడి అంటదని గీత ఐదో అధ్యాయం పోలిక చెబుతుంది. దీనికి తోబుట్టువు అపరిగ్రహం. అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడం. పతంజలి యోగసూత్రాలు దీన్ని యమాల్లో, అంటే పాటించాల్సిన నిగ్రహాల్లో, ఒకటిగా లెక్కించాయి.

గుజరాత్‌లోని సూరత్ జిల్లా బార్డోలీ తాలూకాలో ఈ అనాసక్తి 1928లో ఊళ్లకు ఊళ్ల నడవడికగా కనిపించింది. బొంబాయి ప్రభుత్వం భూమిశిస్తును 22 శాతం పెంచింది. వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో రైతులు ఫిబ్రవరి 12న సత్యాగ్రహానికి దిగి, పెంచిన శిస్తు కట్టబోమని దేవుడి మీద ప్రమాణం చేశారు. దాంతో జప్తులు మొదలయ్యాయి. జప్తు సిబ్బంది వస్తున్నారని డప్పు మోగగానే ఇళ్ల తలుపులు మూతపడేవి. మనుషులూ పశువులూ ఒకే చీకటి ఇంట్లో రోజంతా గడిపేవారు. ఎండ తగలక గేదెల ఒంటి నలుపు కూడా వెలిసిపోయింది. భూములు వేలానికి వెళ్లినా రైతులు మాట తప్పలేదు. ఆగస్టులో రాజీ కుదిరి, జప్తయిన భూములు తిరిగి వచ్చాయి. విచారణ తర్వాత పెంపు దాదాపు 6 శాతానికి తగ్గింది.

ఆ రైతులకు గేదె మీద, పొలం మీద ప్రేమ లేక కాదు. వాటికోసం మాటను అమ్ముకోకపోవడమే వారి అనాసక్తి. 1921లో చీరాల–పేరాల ప్రజలూ ఇలాగే నిలబడ్డారు. మున్సిపాలిటీ పన్నులకు నిరసనగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట సొంత ఇళ్లు విడిచి, రామనగరం పాకల్లో నెలల తరబడి కాపురం చేశారు.

గాంధీ గుజరాతీలో చేసిన గీతానువాదం పేరు ‘అనాసక్తి యోగం’. దానికి ఆయన 1929లో కౌసానిలో ముందుమాట రాశారు. ఫలత్యాగం అంటే ఫలితాన్ని పట్టించుకోకపోవడం కాదని అందులో వివరించారు. ఫలితమేమిటో, దానికి దారేమిటో తెలిసి ఉండాలి, పని నిండు మనసుతో చేయాలి, ఫలం కోసం మాత్రం వెంపర్లాడకూడదు.

నేటి ఇంటికి ఇదెలా వర్తిస్తుంది? విషయాన్ని పదే పదే తలచుకుంటే తగులం పుడుతుందని, తగులం కోరికగా, కోరిక కోపంగా మారి చివరికి వివేకం పోతుందని గీత రెండో అధ్యాయం చెబుతుంది. ఫోన్‌లో పదిసార్లు చూసిన వస్తువు పదకొండోసారికి అవసరంగా తోస్తుంది. ఆపైన వాయిదాల మీద ఇంటికి చేరుతుంది. ఈ గొలుసు తెగేది మొదటి లంకె దగ్గరే, అంటే తలపు దగ్గరే. కొనేముందు కొన్నాళ్లు ఆగడం, అప్పు చేయకుండా అమరేదే తెచ్చుకోవడం, పెట్టెలో మూలుగుతున్నదాన్ని అక్కరున్నవారికి ఇవ్వడం ఇందుకు సాధనలు. ఉన్న సొమ్ముకు తాను యజమానిని కాను, ధర్మకర్తను అనుకోవాలని గాంధీ బోధించారు.

వస్తువులన్నీ వదిలేయమని ఈ బోధ అడగదు. వస్తువు మనిషి చేతిలో ఉందా, మనిషే వస్తువు చేతిలో ఉన్నాడా అన్నది అది పెట్టే పరీక్ష. తలుపులు మూసుకున్న బార్డోలీ ఇళ్లలో రైతులు నెగ్గింది ఆ పరీక్షే.