సొట్ట తీయుటకు ఇంత వ్యయమేల?

1944లో తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు తెరువబడిన నాటి నుండి, అలిపిరి దాటి కొండనెక్కు వాహనముల సంఖ్య పెరుగుచునే వచ్చినది. ఆ పాత మార్గము నేడు దిగుటకును, తరువాత నిర్మింపబడిన రెండవ మార్గము ఎక్కుటకును ఉపయోగపడుచుండుటచే ఎదురుబండ్ల భయము తప్పినది. అయినను మలుపులో పిట్టగోడకు ఒరసికొనుట, కొండమీద బండ్లు నిలుపు తావున వెనుకకు తీయుచు ప్రక్కకారునకు తగిలించుట, దిగువ ఊరిలోని ఇరుకువీథిలో ఆటో ఒకటి తలుపును గీచిపోవుట వంటి చిల్లర ప్రమాదములు చెన్నై, బెంగుళూరుల నుండి వచ్చు యాత్రికులకే గాక తిరుపతి, చిత్తూరు వాసులకును నిత్యానుభవములే. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఇంజను చక్కగా నడచుచున్నది. తలుపు సరిగా మూతపడుచున్నది. వెనుక తలుపుపై అరచేయంత సొట్టయు, దాని అంచున జానెడు గీతయు మాత్రమే మిగిలినవి. అట్టి కారును ఏ వర్క్‌షాపునకు తీసికొనిపోయినను వారు వ్రాసి యిచ్చు అంచనా వేలలో ఉండును. పైగా దెబ్బ తగిలినది తలుపునకే యైనను, ప్రక్కనున్న రేకునకును రంగు కొట్టవలయునని చెప్పుదురు. వినువారికి ఇది మోసమని తోచుట సహజము. మోసగాండ్రు ఏ వృత్తిలోనైనను ఉండవచ్చును గాని, ఆ బిల్లులో అధికభాగమునకు కారణము పదార్థముల స్వభావమే. సొట్టను పైకి లాగుట స్వల్పకార్యము. అచ్చట సొట్ట యుండెనని కంటికి తెలియకుండ చేయుటయే కష్టము, మనము చెల్లించునదియు ముఖ్యముగా దానికే.

నేటి కారు తలుపు యొక్క బయటి ఉక్కురేకు మందము సుమారు 0.7 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని బొటనవ్రేలితో మెల్లగా నొక్కి విడిచినచో తిరిగి స్వస్థానమునకు వచ్చును; ఇది స్థితిస్థాపకత. బలము ఒక హద్దు మీరెనా, ఉక్కులోని పరమాణువుల వరుసలు ఒకదానిపై నొకటి శాశ్వతముగా జారిపోవును. లోహములు ఇంత సులభముగా వంగుటకు ఆ వరుసలలోని సూక్ష్మలోపములే కారణమని 1934లో ఓరోవాన్, పొలాన్యి, టేలర్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా ప్రతిపాదించిరి. రేకు వంగునప్పుడు ఈ లోపములు కదలుచు, క్రొత్తవి పుట్టుచు, ఒకదానికొకటి అడ్డుపడి చిక్కుకొనును. అందువలన వంగినచోట లోహము మునుపటికంటె గట్టిపడును. సొట్ట మధ్యభాగము వంపు తక్కువగుటచే మెత్తగా నుండి, మడతపడిన అంచు మాత్రము మొండికెత్తుటకు హేతువిదియే. తెలియనివాడు వెనుకనుండి సుత్తితో ఒక్కపెట్టున గుద్దినచో మధ్యభాగము ముందుకు పొంగి, అంచు ఎక్కడిదక్కడనే ఉండిపోవును. అంతేగాక దెబ్బకు రేకు సాగియుండును. ఒకమారు ఒత్తిన అప్పడమును తిరిగి మునుపటి చిన్న వట్రువకు తేలేనట్లే, సాగిన రేకును కేవలము వెనుకకు నెట్టినంతమాత్రమున పూర్వపు కొలతకు తేజాలము. దానిని చిన్నచిన్న చోట్ల వేడిచేసి, వెంటనే చల్లార్చి, కుదింపజేయవలయును.

ఇచ్చట మరియొక చిక్కు గలదు. తలుపులకును, ముందు మూతకును వాడు ఉక్కులో ఒక ప్రత్యేకజాతి యున్నది. అచ్చులో ఒత్తునప్పుడు అది మెత్తగా నుండి సుఖముగా రూపు దాల్చును. ఆ పిమ్మట రంగును కాల్చు కొలిమిలో, సుమారు 170 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఇరువది నిమిషము లుండునప్పటికి, దానిలోని కార్బన్ పరమాణువులు చలించి పైన చెప్పిన లోపములను చేరి, వాటిని కదలనీయక బంధించును. ఆ విధముగా రంగు కాలుటయు రేకు గట్టిపడుటయు ఒక్కసారియే జరుగును. ఈ యుపాయమును కనిపెట్టినవారి బుద్ధి ప్రశంసనీయము. దీనివలననే పలుచని రేకుతో తేలికైన కారును నిర్మించి పెట్రోలు మిగుల్చుకొనగలుగుచున్నాము. కాని చిన్న తాకిడికి సొట్టపడకుండ రేకును కాపాడు ఆ గట్టితనమే, ఒకసారి సొట్టపడిన తరువాత దానిని సరిచేయువానికి ప్రతిబంధకమగును. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారునకు మందమైన రేకు ఉండెడిది. సొట్టపడినను చెట్టుక్రింద కూర్చుండి సుత్తి, ఇనుపదిమ్మెలతో సాగగొట్టుటకు వీలుండెడిది. ఆ కాలపు వెలలను మనస్సున నుంచుకొని నేటి బిల్లును చూచువారు ఈ భేదమును గమనింపవలయును.

నిపుణుడైన టింకరు పని చేయుచుండగా చూచుట ఒక విద్య. అతడు ముందుగా సుత్తిని చేతబట్టడు. తలుపు లోపలి అట్టను విప్పి, అద్దపు యంత్రమును, తీగలను తప్పించి, గుడ్డ చుట్టిన అరచేతిని రేకుపై అడ్డముగా, నిలువుగా, మెల్లగా జార్చును. కంటికి కనబడని ఎత్తుపల్లములు ఆ చేతికి తెలియును. పిదప ట్యూబులైటును వాలుగా పెట్టి దాని ప్రతిబింబమును రేకులో చూచును. నిటారుగా నుండవలసిన కాంతిరేఖ ఎచ్చట వంకరపోయెనో అచ్చట దోషమున్నట్లు. దెబ్బ తగిలినప్పుడు ఏర్పడిన మడతలను, ఏర్పడిన క్రమమునకు విలోమముగా, చివరిదానిని ముందుగా విప్పుకొనుచు వచ్చును. ఇట్లు రేకును రెండు మిల్లీమీటర్ల లోపలి దోషమునకు తెచ్చిన పిదపనే పుట్టీ పూయవలయును. పని తప్పించుకొనుటకై లోతైన గుంటను మందపాటి పుట్టీతో నింపినచో, ఎండకు రేకు ఒక తీరునను పుట్టీ మరియొక తీరునను వ్యాకోచించుటచే, కొలదికాలమునకే అది పగులును. చవుకగా జరిగిన పనికిని సరిగా జరిగిన పనికిని భేదము రంగు క్రింద దాగియుండును గనుక కొనువాడు గుర్తింపలేడు. ఓపికతో పనిచేయు టింకరునకు దక్కవలసిన గౌరవము దక్కకపోవుటకు ఇది యొక కారణమని నా నమ్మకము.

రంగు సంగతి రేకు సంగతికంటె క్లిష్టమైనది. 1920వ దశకమునకు పూర్వము కార్లకు నూనెవార్నిషు పూసి ఆరబెట్టుటకు వారములు పట్టెడిది. ఆ దశకములో వచ్చిన నైట్రోసెల్యులోజు లక్కరంగు ఆ వ్యవధిని ఎంతయో తగ్గించినది. నేటి కర్మాగారములలో కారు గుల్లను మొత్తము రసాయనపు తొట్టెలో ముంచి, విద్యుత్తు సహాయమున మూలమూలకు మొదటిపూత పట్టించి కాల్చుదురు. దానిపై ప్రైమరు, రంగునిచ్చు బేస్ కోటు, మెరుపును రక్షణను ఇచ్చు క్లియర్ కోటు పడును. ఇన్ని పొరలును కలిసి మిల్లీమీటరులో పదవవంతు ప్రాంతము మాత్రమే. శ్రీసిటీలో ఇసుజు సంస్థ 2016లో ప్రారంభించిన కర్మాగారము వంటి చోట్ల వాహనములు ఒకదాని వెనుక నొకటి వరుసగా సిద్ధమగును గనుక, ఇట్టి పనుల వ్యయము వేల బండ్లపై పంచుకొనబడి ఒక్కొక్కదానిపై అల్పమగును. వర్క్‌షాపులోనో, ఒక్క తలుపు కొరకు ఆ పొరలనన్నింటిని చేతితో మరల కట్టవలయును. పాతరంగును అంచుల వద్ద ఏటవాలుగా అరగదీయుట, తుప్పు పట్టకుండ పూత, పుట్టీ, సానరాయి కాగితము, ప్రైమరు, మరల కాగితము, అద్దములకును టైర్లకును కాగితపు ముసుగు, రంగు రెండు మూడు పూతలు, నడుమ ఆరుటకు విరామము, క్లియర్ కోటు, చివర పాలిషు. ఇందులో ఏ యొక్కటి వదలినను దోషము కనబడును. పూర్తియైన కారులో ప్లాస్టిక్కు, రబ్బరు, విద్యుత్తు తీగలు ఉండుటచే కర్మాగారపు వేడి పనికిరాదు. అందుచే రెండు ద్రవములను కలిపినంతనే రసాయనచర్యచే గట్టిపడి, 60 డిగ్రీల వేడికే ఆరు వేరుజాతి రంగు వాడుదురు. దాని వెల యెక్కువ. కలిపిన పిమ్మట మిగిలినది నిలువయుండదు.

ప్రక్కరేకునకును రంగు కొట్టుట యెందులకను ప్రశ్నకు సమాధానము వెండివన్నె కారులో స్పష్టముగా కనబడును. ఆ రంగులో అల్యూమినియపు సూక్ష్మపు రేణువులు పొరలుగా పడియుండును. ముత్యపు రంగులలోనైతే టైటానియం డయాక్సైడు పూసిన అభ్రకపు రేణువులు. అవి బల్లపరుపుగా పడినచో ఎదుటినుండి కాంతిమంతముగను, ప్రక్కనుండి నల్లగను తోచును. చిందరవందరగా పడినచో ఆ తేడా తగ్గును. గన్ను ఎంత దూరమున నున్నది, గాలి యొత్తిడి యెంత, థిన్నరు ఎంత త్వరగా ఆవిరియైనది అను వాటిని బట్టి ఈ పడక మారును. కంపెనీ ఇచ్చిన రంగు సంఖ్యను తప్పక పాటించినను, నాలుగేండ్లు మన ఎండలో మగ్గిన పాతరంగుతో క్రొత్తది అతుకు కనబడకుండ కలియుట దుర్ఘటము. కావున క్రొత్తరంగును తలుపు మీదనే ఆపక, ప్రక్కరేకులోనికి క్రమముగా పలుచబరచి లీనముచేసి, రెండింటిపైనను క్లియర్ కోటు కొట్టుదురు.

మన ప్రాంతపు వాతావరణము ఈ పనికి ప్రతికూలము. తిరుపతి వేసవిలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున రంగు పైపొర తొందరగా బిగిసి, క్రింది ద్రావకము బయటపడలేక సూదిపోట్ల వంటి రంధ్రములు చేయును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యఋతుపవనము గాలిని తేమతో నింపును. రంగును గట్టిపరచు ఐసోసయనేటు అను రసాయనము తేమతో కలిసి కార్బన్ డయాక్సైడును పుట్టించుటచే బుడగ లేర్పడును. గాలిని వడగట్టి, వేడిమిని అదుపులో నుంచు మూతగది దీనికి పరిహారము. ఆ గది వెలయు, దాని విద్యుత్తు వ్యయమును ప్రతి తలుపు బిల్లులో కొంతకొంత చేరును. ఈ ఐసోసయనేటు తుంపర పీల్చినవారికి ఉబ్బసము కలిగించు ప్రమాదము గలదు. అతి స్వల్ప మోతాదునకే తరువాతికాలమున దగ్గు, ఆయాసము రావచ్చును. మామూలు గుడ్డముసుగు దానిని ఆపదు. శుద్ధమైన గాలిని గొట్టము ద్వారా అందించు ముసుగు కావలయును. రోడ్డుప్రక్క షెడ్డులో తువ్వాలు చుట్టుకొని రంగుకొట్టు యువకుని పని చవుకగా లభించుచున్నదన్నచో, దాని వెలలో కొంత అతని ఊపిరితిత్తులు చెల్లించుచున్నవి.

దెబ్బ తగిలిన చోటును బట్టియు వెల మారును. ముందుచక్రము మీది ఫెండరు బోల్టులతో బిగింపబడి యుండును గనుక విప్పి మార్చుట సుకరము; వెనుకచక్రము మీది రేకు కారు గుల్లతోనే వెల్డింగుచే ఏకమైయుండుటచే, మార్చవలెనన్న కోసి మరల అతుకవలయును. బంపరు పాలీప్రొపిలీనుతో చేసినది. దానికి రంగు సులభముగా అంటదు, ప్రత్యేకపు తొలిపూత వలయును. దానిలో సెన్సార్లు గలవేని, రంగు మందము మించినను వాటి పని చెడును. విడిభాగముల విపణి విషయమున మాత్రము కొనువారి ఫిర్యాదు న్యాయమైనదే. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషను, అసలు విడిభాగములను బయటి మెకానికులకు లభింపనీయలేదని 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. ఆ తీర్పుపై అప్పీళ్లు నడచినవి.

బీమా ఉన్నది గదా యనువారు ఒక లెక్క వేసికొనవలయును. రంగుపని బిల్లు 9,000 రూపాయలనుకొందము. అందు నాలుగవవంతు, అనగా 2,250, సామగ్రి వెలగా పరిగణించి, తరుగుదల క్రింద అందులో సగము, 1,125, కోయుదురు. 1500 సీసీ లోపు కారునకు తప్పనిసరి మినహాయింపు 1,000. చేతికి వచ్చునది 6,875. కారు నాలుగేండ్లు క్లెయిము లేకుండ నడచినచో, దాని సొంతనష్టపు ప్రీమియములో తరువాతి యేట 45 శాతమును, ఆపై యేటేట 50 శాతమును తగ్గింపు లభించును. క్లెయిము చేసినచో తరువాతి యేట సున్న, ఆపై 20, 25 శాతములు. తగ్గింపునకు ముందు ప్రీమియము ఏటికి 10,000 యని, మారదని అనుకొన్నచో, మూడేండ్లలో పోవునది 4,500, 3,000, 2,500 కలిపి 10,000. పెద్ద ప్రమాదమునకు బీమా ఎంత అవసరమో, ఒక్క తలుపు సొట్టకు అంత నష్టకరము.

కావున కారు గలవారు ముందుగా గీతను గోటితో పరీక్షింపవలయును. గోరు తట్టుకొననిచో దెబ్బ క్లియర్ కోటులోనే ఆగినదని తలచవచ్చును, పాలిషు చాలును. రంగు చెదరక, మడత లేక, కేవలము గుంటపడిన సొట్టను పొడవాటి కడ్డీలతో లోపలినుండి నెట్టి, రంగు జోలికి పోకుండ తీయువారు ఉన్నారు. వ్యయము చాల తక్కువ. గీత ఉక్కువరకు దిగి, బూడిదరంగు లోహము కనబడుచున్నచో మాత్రము రంగుపని తరువాత చూచుకొనవచ్చునని వదలరాదు. జింకుపూత గల రేకు కొంతకాలము ఓర్చుకొనునేమో గాని, తుప్పు ఒకసారి రంగు అంచు క్రిందికి ప్రాకినచో చుట్టునున్న మంచిరంగును సైతము లేపివేయును. కారు రంగు సంఖ్యకు సరిపడు చిన్న సీసా కొని, గీతను శుభ్రపరచి, అక్టోబరు వానలు మొదలగుటకు ముందే కుంచెతో మూసివేయుట మేలు.