కొండ సరస్సులో ఈతకా? కాస్త ఆగండి!

పిల్లలు స్కాట్లండ్‌లో ఉంటే వేసవికి మిమ్మల్నీ రమ్మంటారు కదా! అక్కడి కొండసీమలో సరస్సుని ‘లాఖ్’ అంటారు. లాఖ్ మోర్లిఖ్‌కైతే సముద్రపుటొడ్డులా చక్కటి ఇసుక కూడా. ఎండ కాస్తోంది, చిన్నప్పుడు కాలవలో ఈదినదాన్నేగా అని గబుక్కున దూకేరు సుమా! మా అక్క అలాగే దూకింది. అల్లుడు చేతికందే దూరంలో ఉండబట్టి సరిపోయింది.

ఎండ ఎంతున్నా ఆ నీళ్లు చల్లనే. 15 డిగ్రీలకు తక్కువున్న నీళ్లలో ఒక్కసారిగా దిగితే మన ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగబీలుస్తాం. ఆ క్షణాన తల నీళ్లలో ఉందా, నీళ్లే లోపలికి పోతాయి. ఈత బాగా వచ్చినా లాభం లేదు.

అందుకే మెల్లగా నడుచుకుంటూ దిగండి. ఊపిరి కుదుటపడ్డాకే ఈత, అదీ ఒడ్డు వెంటే, తోడుతోనే. పొరపాటున పడితే కంగారుగా చేతులు కొట్టకుండా వెల్లకిలా తేలండి, చెవులు మునిగినా ఫర్వాలేదు. ఒకటి రెండు నిమిషాల్లో ఉక్కిరిబిక్కిరి తగ్గుతుంది. అప్పుడు కేకేయండి. ఒడ్డునున్నవాళ్లు 999కి ఫోన్ చేయాలి. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్నడగందే అసలు దిగొద్దు.

బయటికొచ్చాక అయిపోయిందనుకోకండి. ఒళ్లు ఇంకాసేపు చల్లబడుతూనే ఉంటుంది, అసలు వణుకు అప్పుడే. వెంటనే వేణ్ణీళ్లు పోసుకుంటే కళ్లు తిరిగి పడే ప్రమాదముంది. ముందు తడిబట్టలు విడిచి పొడిబట్టలు, స్వెట్టరు, ఊలు టోపీ వేసుకోండి. వణుకు తగ్గేదాకా కారు నడపొద్దు. ఫ్లాస్కులో అల్లం టీ పట్టుకెళ్లండి, పంచదార ఆ రోజుకి కాస్త ఎక్కువే వేయండి.